ముట్టడిలో వాద్యగోష్ఠి

కడుపు నిండినవానికే కళలన్న మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. గాదెలో ధాన్యముండి, పిల్లలు నిద్రించిన పిమ్మట తీరిక చిక్కినపుడు వీణె తీయవచ్చును గాని, ఇంట బియ్యము నిండుకొన్ననాడు పాట యెవరికి గావలెనని పెద్దలు మందలింతురు. ఈ మాటలో లోకానుభవము లేకపోలేదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక పాట వినిపించి పంపుట అధర్మమే. అయినను కళ కేవలము తీరికవేళ వినోదమా, లేక మనుష్యుడు మనుష్యుడుగా నిలుచుటకు అదియు నొక యవసరమా అను ప్రశ్న యింతటితో తీరిపోదు. ఇట్టి ప్రశ్నలను కేవల తర్కముచే తేల్చుట కష్టము. ఆ ప్రశ్న నిజముగా పరీక్షకు వచ్చిన సందర్భము చరిత్రలో దొరకినచో కొంత వెలుగు కలుగును. అట్టి సందర్భము నొకదానిని పాఠకుల ముందుంచుటకే యీ వ్యాసము.

1942 ఆగస్టు 9 అనగానే భారతీయులమైన మనకు క్విట్ ఇండియా యుద్యమము స్ఫురించును. ఆ దినము తెల్లవారకముందే బొంబాయిలో గాంధీ మహాత్ముని, కాంగ్రెసు కార్యవర్గమువారిని ప్రభుత్వము నిర్బంధించెను. మన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును వారిలో నొకరు. అదే దినము సాయంకాలము, ఇక్కడికి వేలమైళ్ల దూరమున, రుష్యాదేశపు ఉత్తరభాగమునందలి లెనిన్‌గ్రాడ్ నగరమున నొక వాద్యగోష్ఠి జరిగెను. ఆ నగరము నేడు పూర్వనామముతో సెయింట్ పీటర్స్‌బర్గ్ అని పిలువబడుచున్నది. ఆనాటి కది పదునొకండు నెలలుగా శత్రువుల ముట్టడిలో నుండెను. వాయించినవారును, విన్నవారును ఆ చలికాలమున ఆకలిచావునుండి తప్పించుకొన్నవారే. వాయింపబడిన కృతి ఆ యుద్ధమును గూర్చియే, ఆ నగరమునందే యారంభింపబడినది. దాని పేరు ఏడవ సింఫనీ. రచించినవాడు ద్మిత్రీ షోస్టకోవిచ్.

సింఫనీ యన నెట్టిదో కొంచెము చెప్పుకొన్నగాని పిమ్మటి కథ బోధపడదు. మన సంగీతసభలో గాయకు డొక్కడు ప్రధానము. ఆతని మనోధర్మమును బట్టి రాగము పెరుగును, తరుగును. మృదంగము వాయించువాడు రాకపోయినను కచ్చేరీ యెట్లో నడచిపోవును. పాశ్చాత్యుల సింఫనీ అట్టిది కాదు. అందు సాహిత్యము లేదు. అనేక వాద్యములకు వేర్వేరుగా స్వరములు ముందే వ్రాయబడియుండును. ఒక్కొక్కరు తమవంతు స్వరమును తమ సమయమునకు మాత్రమే పలికింపవలెను. ఒకడు లోపించిన నాతని చోట ఖాళీయే మిగులును. మేళమంతకు నాయకు డొకడు ఎదుట నిలిచి చేతితో కాలమును నడపును. షోస్టకోవిచ్ కృతికి కావలసిన మేళము మిక్కిలి పెద్దది. ఊది వాయించు లోహవాద్యములే ఎనిమిది హారన్లు, ఆరు ట్రంపెట్లు, ఆరు ట్రాంబోనులు అందున్నవి. కృతి నాలుగు భాగములు, ముగియుటకు గంటా పావునకు పైగా పట్టును. ఇన్ని వాద్యములకు తగిన ఊపిరి కావలెను. పస్తులున్న నగరమున ఊపిరి యెక్కడినుండి వచ్చును?

ఆ పస్తు ఎట్టిదో చూతము. 1941 జూన్ 22వ తేదీని హిట్లరు సైన్యములు సోవియట్ దేశముపై దండెత్తినవి. సెప్టెంబరు 8 నాటికి లదోగా సరస్సు తీరమునందలి ష్లిస్సెల్‌బర్గ్ పట్టణము జర్మనుల వశమయ్యెను. దానితో లెనిన్‌గ్రాడునకు తక్కిన దేశముతో భూమార్గము తెగిపోయెను. ఉత్తరమున ఫిన్లాండు సైన్యములు నిలిచియుండెను. లోపల చిక్కుకొన్న పౌరులు సుమారు 25 లక్షలమంది. వారిలో నాలుగు లక్షలమంది పసిపిల్లలు. నగరమును పోరాడి పట్టుకొనుటకంటె పస్తుంచి చంపుటయే సులభమని జర్మను నాయకులు నిశ్చయించిరి. ఊరు లొంగిపోయెదనన్నను అంగీకరింపక నేలమట్టము చేయవలెనను ఆదేశము ఆ సెప్టెంబరునందే వెలువడెను. కావున దీనిని ముట్టడి యనుకంటె బుద్ధిపూర్వకముగా కల్పించిన కఱవు అనుట యొప్పును.

నవంబరు 20 మొదలు డిసెంబరు 25 వరకు కర్మాగారములలో పనిచేయువారికి దినమునకు 250 గ్రాముల రొట్టె, తక్కినవారికి 125 గ్రాముల రొట్టె చొప్పున పంచిరి. 125 గ్రాములన మన పాత తూకమున 11 తులములకు మించదు. ఆ రొట్టెలోను పిండితోపాటు గానుగచెక్కయు కొయ్యగుజ్జును కలిసియుండెడివి. ఇక్కడ గృహిణులైన చదువరులు గమనింపవలసిన దొక్కటి కలదు. ఇంటిపనిచేయు స్త్రీలు ప్రభుత్వలెక్కలలో ఇతరులపై ఆధారపడినవారి తరగతిలో చేర్పబడిరి. గడ్డకట్టిన నదిలో బొక్కచేసి నీరు తోడి తెచ్చి, తెల్లవారుజామున రొట్టెకై వరుసలో నిలిచి, మంచమెక్కినవారికి తినిపించి, చనిపోయినవారిని చిన్నబండ్లపై మంచుమీద లాగుకొనిపోయినవారు ఎక్కువగా వారే. అయినను వారి వంతు కనిష్ఠమైన 125 గ్రాములే. ఇంటిపనిని పనిగా లెక్కింపని దోషము మనకు మాత్రమే పరిమితమైనది కాదన్నమాట.

ఆ చలికాలమున విద్యుత్తు లేదు, ట్రాములు నిలిచిపోయెను, నీటిగొట్టములు గడ్డకట్టెను. గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగా లారీలు నడిపి కొంత ధాన్యమును లోనికి తెచ్చిరి. 1942 జనవరి మొదలు ఏప్రిలు వరకు ఐదు లక్షలకు పైగా జనులను ఆ మంచుబాటనే వెలుపలికి చేర్చిరి. అయినను మరణములు ఆగలేదు. యుద్ధానంతరము న్యూరెంబర్గు న్యాయవిచారణయందు చెప్పబడిన సంఖ్య సుమారు 6,32,000. తరువాతి చరిత్రకారులు అది చాలదనియు, మృతులు ఎనిమిది లక్షలకు తక్కువ కారనియు, పదిలక్షల వరకు నుండవచ్చుననియు చెప్పుచున్నారు.

ఇక కృతికర్త మాట. షోస్టకోవిచ్ 1906వ సంవత్సరమున ఆ నగరమునందే పుట్టి, ఆ నగరపు సంగీతవిద్యాలయమునందే చదివెను. చిన్ననాడే కీర్తి సంపాదించెను. 1936 జనవరిలో ఆతని సంగీతనాటకము నొకదానిని అధికారపక్షపు పత్రికయైన ప్రావ్దా తీవ్రముగా ఖండించెను. స్తాలిను పరిపాలనమున నట్టి ఖండనము ప్రాణభయమునకు సూచన. మరుసటియేడు ఐదవ సింఫనీ మెప్పు పొందిన పిదపగాని ఆతనికి కొంత నెమ్మది కలుగలేదు. యుద్ధము వచ్చినంతనే సైన్యమున చేరుట కాతడు దరఖాస్తు పెట్టగా దృష్టిలోపముచేత స్వీకరింపరైరి. విద్యాలయపు మిద్దెమీద అగ్నిమాపకదళమున కావలి కాయుచు, 1941 జూలైలో నీ కృతి నారంభించెను. సెప్టెంబరు 17వ తేదీని నగరపు రేడియోలో మాటలాడి, రెండు భాగములు ముగిసినవని పౌరులకు తెలిపెను. బాంబులు పడుచున్న ఊరిలో నొకడు కూర్చుండి సంగీతము వ్రాయుచున్నాడన్న వార్తయే వినువారికి కొంత ధైర్య మిచ్చియుండును. అక్టోబరు మొదటను ప్రభుత్వ మాతనిని కుటుంబముతో విమానమున వెలుపలికి పంపివేసెను. వోల్గానదీతీరమునందలి కూయ్‌బిషెవ్ నగరమున డిసెంబరు 27వ తేదీని కృతి పూర్తియయ్యెను. 1942 మార్చి 5న అక్కడనే సమోసూద్ నాయకత్వమున తొలిసారి వాయింపబడెను.

పిమ్మట నా స్వరపత్రములను సూక్ష్మమైన ఛాయాచిత్రముల చుట్టగా చేసి, టెహరాను, కైరోల మీదుగా పాశ్చాత్యదేశములకు పంపిరి. జూన్ నెలలో లండనునందు హెన్రీ వుడ్, జూలై 19న అమెరికాలో తోస్కనీనీ దానిని వాయింపించి రేడియోద్వారా ప్రసారము చేయించిరి. ఆ నెలలోనే అమెరికాలోని టైమ్ పత్రిక అగ్నిమాపకుని శిరస్త్రాణము ధరించిన షోస్టకోవిచ్ చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను. ఇట్లు లోకమంతయు వినిన సింఫనీని, అది యెవరికై వ్రాయబడెనో ఆ నగరమువారు మాత్ర మింకను వినలేదు.

నగరపు ప్రధాన వాద్యమేళమును మ్రావిన్‌స్కీ నాయకత్వమున యుద్ధారంభమునందే సైబీరియాలోని నొవొసిబీర్స్క్ నగరమునకు తరలించిరి. ఊరిలో మిగిలినది రేడియోసంస్థయొక్క మేళ మొక్కటే. దాని నాయకుడు కార్ల్ ఎలియాస్‌బర్గ్. 1941 డిసెంబరు గడచునప్పటికి ఆ మేళము వాయించుట మానుకొనెను. కొందరు చనిపోయిరి, కొందరు లేవలేకుండిరి. రేడియోలో వార్తలు, కవిత్వపఠనము లేనివేళల మెట్రోనోమ్ అను కాలమాపక యంత్రపు చప్పుడొక్కటే వినబడుచుండెను. నెమ్మదిగా కొట్టుకొన్నచో శాంతము, త్వరితముగా కొట్టుకొన్నచో విమానదాడి యని జనులు గుర్తించుచుండిరి. ఆ జనవరిలో విద్యుత్తు చాలక కొన్ని పేటలలో రేడియో మూగపోగా, నడువలేని వృద్ధులు సైతము చేతికర్ర లూతగా రేడియో కార్యాలయమునకు వచ్చి, రొట్టె తగ్గినను సహింతుము గాని రేడియో ఆగిన సహింపలేమని మొరపెట్టుకొనిరట. మా మొదటి ప్రశ్న కిది యొక సమాధానము. అడిగినవారు కడుపు నిండినవారు కారు.

మార్చినెలలో మేళమును మరల సమకూర్పవలెనని నగరాధికారులు నిశ్చయించిరి. వాయింపగల స్థితిలో మిగిలినవారు పదునైదుగురికి మించలేదని చెప్పుదురు. ఎలియాస్‌బర్గే ఆకలిచే క్షీణించి, ఆస్తోరియా హోటలునందు నెలకొల్పబడిన చికిత్సాలయమున నుండెను. ఆతడు ఇంటింటికి తిరిగి వాద్యకారులను వెదకెను. తొలి అభ్యాసము గంటలకొలది జరుగవలసియుండగా కొద్దిసేపటికే ముగిసెను. లోహవాద్యములు పట్టినవారికి పెదవులలో బలము లేదు, ఊదగా కన్నులు తిరిగెను. అయినను ఏప్రిలు మొదటివారమున నీ మేళము చిన్న సభ నొకదానిని నడపెను. వేసవి యారంభమున సింఫనీ స్వరపత్రములు విమానమున ముట్టడిని దాటి నగరమునకు చేరెను. వాటిని చూడగానే మేళము చాలదని తేలెను. ముందు చెప్పినట్లు, ఆ కృతిలో నొకడు లోపించిన ఖాళీయే మిగులును. అందుచే సైన్యాధికారుల అనుమతితో యుద్ధరంగమునుండి బాకాలూదు సిపాయిలను రప్పించిరి. ఒక్కొక్క వాద్యమునకు స్వరముల నకళ్లు చేతితో వ్రాయించిరి. అభ్యాసమున కొందరు కుప్పకూలిరి. కొందరు ఆ సభను చూడకయే చనిపోయిరి. కృతిని ఆద్యంతము ఒక్కసారి మాత్రమే ముందుగా వాయింపగలిగిరని చెప్పుదురు.

ఆ మేళమున నొక యువతి ఓబో అను వాద్యమును వాయించెడిది. అది మన సన్నాయివలె రెండు రెల్లుపొరల నడుమ ఊది పలికించునది. చలికాలమున వాద్యము చెడిపోగా ఆమె దానిని బాగుచేయువాని యొద్దకు కొనిపోయెను. కూలి యెంతయని యడుగగా ఆతడు డబ్బు వలదనియు, ఒక పిల్లిని తెచ్చియిమ్మనియు కోరెనట. తినుటకే. ఆమెకు పిల్లి దొరకలేదు, ఊరిలో నవి మిగిలియుండలేదు. ఈ వృత్తాంతమును ఆమెయే యుద్ధానంతరము చాలకాలము జీవించి చెప్పినది. పిల్లిని తినగోరిన ఆ పనివాడును తన పరికరములను పారవేయలేదు, ఓబో బాగుచేయు విద్యను మరువలేదు. ఆకలి అతనిని పశుప్రాయుని చేసెనని మన మనరాదు.

ఇక్కడ నొక యాక్షేపము వచ్చును. వాద్యకారులకు అధికారులు కొంత అదనపు ఆహారము నిచ్చిరి. గ్రాముల లెక్కన రొట్టె తూచు ఊరిలో ఒకరి కెక్కువ యన్న నది మరియొకరి నోటినుండి తీసినదే. తల్లు లెందరో బిడ్డలకు తమ వంతును పెట్టి తాము చనిపోవుచుండగా, తప్పెటలు బాకాలు వాయించువారికి గంజి యేల? ఈ యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. మేము దీనికి చెప్పగల సమాధానము రెండుభాగములు. మొదటిది, ఆ అదనపు భాగము వాద్యకారులను పుష్టులను జేయునంతటిది కాదు, నిలువబడి పనిచేయుటకు మాత్రము చాలినది. సింఫనీ వాయించుట శరీరశ్రమ యని గ్రహించినవారికి కర్మాగారపు కూలికిని వీరికిని భేదము కనబడదు. రెండవది, ఆ చలికాలమున జనులు చనిపోయినది కేవలము రొట్టె చాలకయే కాదు. తన ఉనికిని ఎవరును పట్టించుకొనుట లేదని, తానొక జనసంఖ్య మాత్రమే యని తోచిననాడు మనుష్యుడు ముందుగా మనస్సున చచ్చును, తరువాత మంచము దిగడు. ప్రతిదినము లేచి ముఖము కడుగుకొని యేదో యొక పనికి పోయినవారే ఎక్కువమంది బ్రతికిరని ముట్టడిని గడిపినవారు పలువురు వ్రాసియున్నారు. వాద్యకారులకు ఆ పని సంగీతము. తక్కినవారికి దానిని వినగోరుట. ఈ సమాధానముతో ఆక్షేపము పూర్తిగా తీరునని మేమనము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దీనిని ఒప్పుకొనకపోయినచో ఆమెను తప్పుపట్టుట మాకు తగదు.

ఆగస్టు 9 నాటి సాయంకాలము ఫిల్హార్మోనియా భవనమునందలి పెద్దసభ తెల్లని స్తంభములతో, వెలిగించిన దీపగుచ్ఛములతో నిండెను. ముట్టడి వచ్చిన పిమ్మట నంత వెలుతురును అనేకులు చూచియుండలేదు. శ్రోతలు యుద్ధమునకు పూర్వపు దుస్తులు ధరించి వచ్చిరి. అవి వారి చిక్కిన దేహములపై వ్రేలాడుచుండెను. సిపాయిలు, నావికులు, కర్మాగారపు స్త్రీలు, వృద్ధులు పక్కపక్కన కూర్చుండిరి. శత్రువుల గుండ్లు సభపై పడకుండ, సేనానియైన గోవొరోవ్ ముందుగానే జర్మను ఫిరంగులపై గుండ్లవర్షము కురిపించి వాని నోళ్లు మూయించెను. దాదాపు మూడువేల గుండ్లు ప్రయోగించిరని చెప్పుదురు. సభనుండి సంగీతమును రేడియోద్వారా ఊరంతటికి, వీధులలోని లౌడ్‌స్పీకర్లద్వారా శత్రుశ్రేణుల దిక్కునకును వినిపించిరి.

ఆ సంగీతమున మొదటిభాగము ప్రశాంతమైన స్వరములతో ఆరంభమగును. కొంతసేపటికి చిన్న డోలు మిక్కిలి మెల్లగా ఒక నడకను పట్టును. దానిపై చులకనయైన యొక వీధిపాటవంటి పల్లవి వినబడును. అందు భయంకరమైనదేమియు లేదు, ఈలవేసుకొనదగినది. అదే పల్లవి మారకుండ మరల మరల పదునొకండు పర్యాయములకు పైగా వచ్చును. ప్రతిసారి వాద్యములు పెరుగును, డోలు విడువదు. చివరకు లోహవాద్యములన్నియు దానిని పట్టుకొని రోదించునట్లు గర్జించును. దుర్మార్గము రాక్షసరూపమున రాక, నవ్వుచు చిన్నపాటగా వచ్చి, ఎవరును దానిని ఆపకుండుటచే అంతటిదగునని మేము దీనిని అర్థము చేసికొందుము. తరువాతి రెండు భాగములు స్మృతిని, శోకమును పలుకును. నాలుగవభాగము మెల్లగా బరువుగా లేచి గొప్ప ధ్వనితో ముగియును. ఈ భాగములకు యుద్ధము, జ్ఞాపకములు, స్వదేశపు విశాలభూములు, విజయము అని కృతికర్త మొదట పేర్లు పెట్టి, తరువాత వాటిని తీసివేసెను. చివరిభాగమున వాయించువారు అలసిపోవుట చూచి శ్రోతలు లేచి నిలిచి వారికి ధైర్యమిచ్చిరని చెప్పుదురు. ముగిసిన పిదప క్షణకాలము నిశ్శబ్దము, పిమ్మట చాలసేపు కరతాళధ్వనులు. ఒక బాలిక పూలగుత్తి తెచ్చి ఎలియాస్‌బర్గున కిచ్చెను. నగరపు చౌకులన్నిటను పూలకు మారుగా క్యాబేజీ పండించుచున్న వేసవి యది.

ఈ సభను గూర్చి తరువాత ననేక గాథలు పుట్టినవి. ఆగస్టు 9వ తేదీనే హిట్లరు ఆస్తోరియా హోటలునందు విజయపు విందు చేయదలచెననియు, అందుకే సభకు ఆ దినము నేర్పరచిరనియు నొక గాథ ప్రసిద్ధము. దానికి గట్టి యాధారము లేదు. ఎలియాస్‌బర్గు ఆస్తోరియాలోనే ఆకలిరోగమునకు చికిత్స పొందెనన్నది మాత్రము గాథ కాదు. గాథకంటె నిజమే గొప్పదైనపుడు గాథను పట్టుకొని వ్రేలాడ నక్కరలేదు. అట్లే, సింఫనీ ముట్టడిని తొలగించెనని చెప్పుటయు అతిశయోక్తియే. ముట్టడి మరి పదునేడు నెలలకు పైగా సాగి, 1944 జనవరి 27న, మొత్తము 872 దినములకు తీరెను. దానిని తీర్చినవి సైన్యములు, ఫిరంగులు. సంగీతము చేసిన పని వేఱు.

ఇక మన మెక్కువగా ఆలోచింపవలసినది యుద్ధానంతర చరిత్ర. 1943లో షోస్టకోవిచ్ తన ఎనిమిదవ సింఫనీని రచించెను. అందు విజయధ్వని లేదు, శోకమే యున్నది. ఏడవదానిని లోకమంతటికి చాటిన అధికారులకు ఎనిమిదవది రుచింపలేదు. 1948 ఫిబ్రవరిలో పార్టీవా రొక తీర్మానము చేసి షోస్టకోవిచ్‌ను, తదితర సంగీతకర్తలను ప్రజావిరుద్ధులని నిందించిరి. ఆ ప్రచారమును నడపినవాడు జ్దానోవ్. ముట్టడికాలమున లెనిన్‌గ్రాడునందు పార్టీకి పెద్దయై యుండినవా డాతడే. 1949లో, నగరరక్షణను గూర్చి స్థాపింపబడిన ప్రదర్శనశాలను ప్రభుత్వము మూసివేసెను. నగరమువారు తమ దుఃఖమును తమదిగా చెప్పుకొనుట మాస్కోవారికి గిట్టలేదు. ముట్టడినాళ్ల నగరనాయకులలో నొకడైన కుజ్నెత్సోవ్ 1950లో మరణశిక్షకు గురియయ్యెను. ప్రదర్శనశాల మరల తెరువబడినది 1989లో. నలువదియేండ్లు ఆ నగరము తన మృతులను గూర్చి అధికారులు చెప్పనిచ్చినంత మాత్రమే చెప్పుకొనగలిగెను.

యుద్ధమున సంగీతమును వాడుకొను ప్రభుత్వముల స్వభావ మిట్టిది. వారికి భేరి కావలెను గాని విలాపము పనికిరాదు. మన పూర్వులు దీనియందు కొంత యెక్కువ తెలివి చూపిరి. భారతమున యుద్ధపర్వములు ముగిసిన వెంటనే స్త్రీపర్వము వచ్చును. గెలిచినవారి యిండ్లలోను ఏడ్చు స్త్రీలున్నారని కవి రాజులకు జ్ఞాపకము చేయును. గాంధారి మాట విన్న పిమ్మటగాని ధర్మరాజునకు పట్టాభిషేకము లేదు. కరుణమే రసములన్నిటికి మూలమని భవభూతి తలచుటయు నిట్టి తెలివియే. ఎనిమిదవ సింఫనీని ఓర్చుకొనలేని ప్రభుత్వము స్త్రీపర్వమును చింపివేసి భారతమును చదువగోరు ప్రభుత్వము.

ఏడవ సింఫనీయొక్క అర్థమును గూర్చియు తగవు కలదు. ఆ డోలుపాట హిట్లరును మాత్రమే గాక స్తాలినునుగూడ ఉద్దేశించినదని, షోస్టకోవిచ్ జ్ఞాపకములుగా 1979లో వోల్కొవ్ ప్రకటించిన గ్రంథమువలన కొందరు వాదింతురు. ఆ గ్రంథము ప్రామాణికము కాదని మరికొందరు పండితుల వాదము. కృతి మరీ దీర్ఘమనియు, చప్పుడెక్కువ సారము తక్కువ యనియు 1942లోనే విమర్శించిన పాశ్చాత్యులు కలరు. ఈ తగవులలో మేము తీర్పు చెప్పబోము. కాగితముపైని కృతి యొకటి, ఆగస్టు 9న లెనిన్‌గ్రాడునందు పలికిన కృతి వేఱొకటి. అమెరికాలో బలిష్ఠులైన వాద్యకారులు తప్పులేకుండ వాయించియుందురు. ఇక్కడ స్వరములు తప్పియుండవచ్చును, ఊపిరి తెగియుండవచ్చును. అయినను ఆ కృతి యెవరికై పుట్టెనో వారి చేతులలో, వారి యూపిరితో పలికినది ఇక్కడనే.

మరి ఆ యూపిరి వెచ్చించినవారి పేర్లు ఎందరికి తెలియును? షోస్టకోవిచ్ పేరు లోకప్రసిద్ధము. యుద్ధానంతరము మ్రావిన్‌స్కీ మేళము తిరిగివచ్చి కీర్తి గాంచెను. ఎలియాస్‌బర్గు వెనుకబడి, 1978లో చనిపోవువరకు తగిన స్థానము పొందలేదు. ముట్టడి తీరిన ఇరువదియవ వార్షికదినమున, 1964 జనవరి 27న, ఆనాటి వాద్యకారులలో బ్రతికియున్న ఇరువదియిద్దరిని మరల చేర్చి ఆతడే ఆ సింఫనీని నడపెను. షోస్టకోవిచ్‌యు వచ్చి వినెను. చనిపోయినవారి స్థానములను గుర్తుంచుకొనుటయే ఆ సభ యుద్దేశము. షోస్టకోవిచ్ 1975వ సంవత్సరమున, ఆగస్టు 9వ తేదీనే మరణించెను.

మేము మొదట నెత్తిన ప్రశ్నకు మరలుదము. కడుపు నిండినవానికే కళలన్న మాట తప్పని ఈ చరిత్ర చెప్పుచున్నది. కాని దీనినుండి రెండు దురర్థములు తీయరాదు. ఆకలి మనుష్యుని ఉన్నతుని చేయునని తలపరాదు. ఆకలి లక్షలమందిని చంపినది, అంతే. కళ యున్నచో అన్నము లేకున్నను చెల్లునని పాలకులు చెప్పవచ్చినచో అసలే నమ్మరాదు. ఆ యోబో వాయించు యువతికి సంగీతమును రొట్టెయు రెండును కావలసియుండెను. రెండును ఆమె హక్కులే.

అందుచే మన యిండ్లలో ఆచరింపదగిన దొకటి కలదు. కష్టము వచ్చినపుడు ముందుగా ఆడపిల్ల సంగీతపాఠమును, పెద్దలు చదువుకొను పుస్తకమును, సాయంకాలపు గోష్ఠిని మానిపించుట మన యలవాటు. ఖర్చు తగ్గింపవలసినదే, కాని వానిని పూర్తిగా తుడిచివేయునపుడు మనము దేనిని తుడిచివేయుచున్నామో యెరుగవలెను. మరియు ఒక కృతిని మెచ్చుకొనునపుడు దానిని వ్రాసినవాని పేరుతో ఆగక, పలికించినవారిని, వాద్యము బాగుచేసినవారిని, నకళ్లు వ్రాసినవారిని గూడ అడిగి తెలిసికొనుట మంచిది. 125 గ్రాముల తరగతిలో చేర్పబడిన గృహిణులను లెక్కించునట్టి చరిత్రయే మనకు పనికివచ్చు చరిత్ర. అట్టి చరిత్రను పిల్లలకు చెప్పుట చదువరుల చేతిలో నున్నది.